ఊరి క్లబ్బుకు ఉపన్యాసం, నగర క్లబ్బుకు కప్పు

డెర్రీ కౌంటీ క్లబ్బు గ్లెన్ తప్పుకుంది. రీప్లే (మళ్లీ ఆడించే మ్యాచ్) లేదు, తీర్పు లేదు, కప్పు డబ్లిన్ క్లబ్బు కిల్మకడ్ క్రోక్స్ దగ్గరే ఉండిపోయింది. ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ లాంటి సంప్రదాయ క్రీడలను నడిపించే జీఏఏ పెద్దలు ఈపాటికి హమ్మయ్య అనుకుని ఉంటారు. మాకు మాత్రం ఈ ముగింపు మింగుడు పడడం లేదు. 2023 జనవరి 22న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో జరిగిన ఆల్ ఐర్లండ్ క్లబ్ ఫైనల్ ఆఖరి ఘడియల్లో, 15 మంది ఉండాల్సిన డబ్లిన్ జట్టు తరఫున అంతకు మించి, ఒక దశలో 17 మంది, మైదానంలో ఉన్నారు. టీవీలో అందరూ చూశారు. రెండు పాయింట్ల వెనకబాటులో ఉన్న డెర్రీ జట్టుకు గోల్ పడితే చాలు, మూడు పాయింట్లు, మ్యాచ్ చేతికొచ్చేది. సరిగ్గా ఆ గోల్ గీత మీదే, అప్పటికే బయటికి వెళ్లిపోవాల్సిన ఆటగాడు ఒకడు నిలబడి ఉన్నాడు.

దాని సంగతికి మళ్లీ వద్దాం. అసలు గొడవ ఆ రోజు మొదలైంది కాదు. 2022 వేసవిలో, గాల్వే ఆటగాడు షేన్ వాల్ష్ ఊరి క్లబ్బు నుంచి క్రోక్స్‌కు మారే బదిలీ కాగితం మీద ముద్ర పడినప్పుడే మొదలైంది.

వాల్ష్ ప్రతిభ మీద మాకు రెండో మాట లేదు. ఈ ఆటలో ఎవరైనా తన క్లబ్బుకు ఆడుతూనే, ఎంపికైతే తన కౌంటీ (మన జిల్లా లాంటిది) జట్టుకూ ఆడతాడు. వాల్ష్ 2013 నుంచి గాల్వే కౌంటీ చొక్కా వేసుకుంటున్నాడు. 2001 తర్వాత ఆల్ ఐర్లండ్ కౌంటీల ఫైనల్ ముఖమే చూడని గాల్వేను 2022 జులైలో అక్కడికి చేర్చినవాళ్లలో ముందువరుస అతనిదే. ఆ ఫైనల్లో కెర్రీ 20 పాయింట్లు కొట్టి గెలిచింది. గాల్వే చేసిన 16లో 9 వాల్ష్ ఒక్కడివే. ఫ్రీ కిక్ ఎటు వైపు దొరికితే ఆ వైపుకు తగ్గ కాలితో, ఒకసారి కుడి కాలితో, మరోసారి ఎడమ కాలితో కొడుతుంటే ఓడుతున్న జట్టు ఆటగాడని ఎవరూ అనుకోలేదు. ఇలాంటివాణ్ని తయారు చేసింది గాల్వే కౌంటీ బోర్డు కాదు. కిల్కెరిన్, క్లోన్‌బర్న్ అనే రెండు పల్లెలు కలిసి నడుపుకుంటున్న ఒక చిన్న క్లబ్బు. పసివాడిగా ఉన్నప్పటి నుంచి అతనికి బంతి అందించినవాళ్లు, వానలో గీతలు గీసి, జెర్సీలు ఉతికి, కార్లలో మ్యాచ్‌లకు తిప్పినవాళ్లు ఆ పల్లెల మనుషులు. ఎవరికీ జీతం లేదు. ఈ ఆటలో ఆటగాడికీ జీతం లేదు. 1884లో తుర్లెస్‌లో పుట్టిన నాటి నుంచి జీఏఏ చెప్పుకుంటున్న గొప్ప ఇదే: ఇక్కడ ఆటగాళ్లను కొనరు, అమ్మరు, పుట్టిన ఊరి తరఫునే ఆడతారు.

ఆ కౌంటీల ఫైనల్ ముగిసిన వారాల్లోనే వాల్ష్ కిల్మకడ్ క్రోక్స్‌కు వెళ్లిపోయాడు. వెళ్లిన క్లబ్బు ఎలాంటిదో కూడా చూడాలి. దక్షిణ డబ్లిన్‌లోని స్టిలార్గన్ దానికి అడ్డా. సభ్యులు వేలల్లో. డబ్లిన్ కౌంటీకి ఆల్ ఐర్లండ్ పతకాలు తెచ్చిన పాల్ మానియన్ లాంటివాళ్లు అప్పటికే ఆ జట్టులో ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో అదనపు సమయం దాకా వెళ్లి కిల్కూ అనే క్లబ్బు చేతిలో ఆల్ ఐర్లండ్ క్లబ్ ఫైనల్ ఓడిన జట్టు అది. అంటే కప్పుకు ఒక్క అడుగు దూరంలో ఆగినవాళ్లకు దేశంలోనే మేటి ఫార్వర్డ్‌లలో ఒకడు తోడయ్యాడు. మాతృ క్లబ్బుకు ఇది ఇష్టం లేదన్న సంగతి ఊరూవాడా తెలుసు. అయినా బదిలీ ఖరారైంది. ఆ సీజన్‌లోనే డబ్లిన్ కౌంటీ, లెయిన్‌స్టర్ ప్రాంతం, ఆల్ ఐర్లండ్ క్లబ్ టైటిళ్లు మూడూ క్రోక్స్ ఖాతాలో పడ్డాయి.

ఇందులో తప్పేముంది, మనిషి డబ్లిన్‌లో ఉంటున్నాడు, ఊరికి రెండు గంటల పైచిలుకు ప్రయాణం, పైగా పైసా తీసుకోని ఆటగాడు, నిబంధన ఏదీ ఉల్లంఘించలేదు కదా అంటున్నారు. అన్నీ నిజాలే. కానీ క్లబ్బు చొక్కాకు అడ్డం వచ్చిన దూరం కౌంటీ చొక్కాకు ఎందుకు అడ్డం రాలేదో మాకు అర్థం కాదు. గాల్వే తరఫున అతను ఆడుతూనే ఉన్నాడు.

మా అభ్యంతరం వాల్ష్ మీద కంటే, ఈ బదిలీ తర్వాత ఏర్పడే ఆనవాయితీ మీద. చదువుకో ఉద్యోగానికో నగరానికి వచ్చి, ఏదో ఒక క్లబ్బులో ఆడుకునే పల్లెటూరి కుర్రాడిని ఎవరూ తప్పుపట్టరు. అలాంటివాళ్లు డబ్లిన్ నిండా ఉన్నారు. కౌంటీల ఫైనల్లో అగ్రశ్రేణిలో నిలిచిన వీరుడిని, అదే సీజన్‌లో, కప్పుకు గురిపెట్టిన క్లబ్బు చేర్చుకోవడం వేరు. ఈ రెంటికీ తేడా లేదని జీఏఏ ఒప్పుకుంది కాబట్టి రేపు మేయో నుంచి ఇంకొకడు వస్తాడు, ఎల్లుండి డోనెగల్ నుంచి మరొకడు. ఐర్లండ్ ఉద్యోగాలన్నీ డబ్లిన్‌లో పోగుపడుతున్న కాలంలో, చిరునామా మారితే చాలు క్లబ్బు మారిపోవచ్చంటే పడమటి పల్లెలకు మిగిలేదేమిటి? పదేళ్ల పిల్లలకు ఆట నేర్పే పని మాత్రం వాళ్లది, పాతికేళ్లు దాటాక ఆ ఆట చూసే భాగ్యం స్టిలార్గన్‌ది.

అదే జనవరిలో, క్లబ్ ఫైనల్‌కు వారం ముందు, అదే క్రోక్ పార్క్‌లో ఇంకో ఆట జరిగింది. ఫోసా అనే కెర్రీ పల్లె ఆల్ ఐర్లండ్ జూనియర్ (వయసుతో సంబంధం లేని కింది స్థాయి) క్లబ్ కప్పు గెలిచింది. ఆ జట్టులో డేవిడ్ క్లిఫర్డ్ ఉన్నాడు, జులై ఫైనల్లో వాల్ష్‌కు దీటుగా 8 పాయింట్లు కొట్టినవాడే. అన్న పౌడీ కూడా పక్కనే. డేవిడ్ ఉండేది, పనిచేసేది అన్నీ అక్కడే కాబట్టి పోలిక చెల్లదని కొందరు వాదిస్తారు. మరి ఫోసాకు కూతవేటు దూరంలో కిలార్నీలో డాక్టర్ క్రోక్స్ అనే మరో క్లబ్బు ఉంది. 2017లో దేశ ఛాంపియన్. అతను అడగాలే గానీ కాదనేవారెవరు? అడగలేదు. జూనియర్ స్థాయిలో, బురద మైదానాల్లో ఆడాడు. జీఏఏ ప్రసంగాల్లో వినబడే ఊరి క్లబ్బు బతికున్నది ఇలాంటివాళ్ల వల్లే, నిబంధనల పుస్తకం వల్ల కాదు.

ఇంకొకటి, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. వాల్ష్ వదిలి వెళ్లిన కిల్కెరిన్-క్లోన్‌బర్న్ పేరుతోనే ఆడే మహిళల జట్టు 2022 డిసెంబర్‌లో ఆల్ ఐర్లండ్ క్లబ్ కప్పు నిలబెట్టుకుంది, వరుసగా రెండోసారి. ఆ పల్లెల్లో కప్పు గెలవడం కుదరదని ఎవరైనా అంటే ఆ అమ్మాయిలను అడగాలి.

ఇక 17వ మనిషి సంగతి. మైదానంలో అదనంగా ఆటగాళ్లుంటే మ్యాచ్ ప్రత్యర్థికి ఇవ్వడం, రీప్లే పెట్టడం, జరిమానా వేయడం అని మూడు శిక్షలు పుస్తకంలో ఉన్నాయి. దేశమంతా చూసిన తప్పిదంపై జీఏఏ తనంతట తాను కదిలిందా? లేదు. ఓడిన గ్లెన్ అర్జీ పెట్టుకునేదాకా ఆగింది. ఆ తర్వాత రీప్లే అంది. క్రోక్స్ అప్పీలుకు వెళ్లింది. విసిగిపోయిన గ్లెన్ మాకొద్దు పొమ్మంది. చట్టం తన పని తాను చేసుకుపోతుందని మన నాయకులు చెప్పే మాట గుర్తొచ్చింది. ఇక్కడా ఆనవాయితీయే మా భయం. నిబంధన దానంతటదే పనిచేయదని, ఓడినవాడే ‘ఏడుపుగొట్టు’ అనిపించుకుని ఫిర్యాదు చేయాలని, చేసినా గెలిచినవాడు అప్పీళ్లతో సాగదీస్తే చాలని ఈ వ్యవహారం అందరికీ నేర్పింది. బదిలీలో జరిగిందీ ఇదే. అభ్యంతరం చెప్పాల్సిన భారం చిన్న క్లబ్బుది, కాగితం సవ్యంగా ఉందని చేతులు దులుపుకునే సౌలభ్యం జీఏఏది.

నిబంధనలు మార్చడానికి జీఏఏ వార్షిక కాంగ్రెస్ (సభ) ఎలాగూ ఉంది. కౌంటీ సీనియర్ జట్టులో ఆడుతున్నవారు అదే ఏడాది వేరే కౌంటీ క్లబ్బుకు మారకుండా నిరీక్షణ కాలం పెట్టడం కష్టమేమీ కాదు. మైదానంలో ఎందరున్నారో లెక్కపెట్టే బాధ్యతను గీత పక్కన నిలబడే అధికారికి అప్పగించి, ఓడినవారి ఫిర్యాదుతో నిమిత్తం లేకుండా శిక్ష పడేలా చేయడం అంతకన్నా సులువు. 15 దాకా లెక్కపెట్టడానికి కమిటీ అక్కర్లేదు.

కిల్మకడ్ క్రోక్స్‌ను కూడా అడుగుతున్నాం. ఇంత పెద్ద క్లబ్బు, ఇంతమంది మేటి ఆటగాళ్లు. మళ్లీ ఆడదాం రండి అని మొదటి రోజే ఒక్క మాట అనలేకపోయారా? గ్లెన్ పిలవకముందే మీరు పిలవాల్సింది. అప్పీలు కాగితం నింపినంత చురుగ్గా ఆటగాళ్లను లెక్కపెట్టుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. జీఏఏ ఈసారి కూడా కదలకపోతే, ఊరి క్లబ్బే మా ప్రాణమంటూ ప్రతి ఏడాదీ ఇచ్చే ఉపన్యాసాలనైనా మానేయాలి. కిల్కెరిన్‌లో వాటిని నమ్మేవాళ్లు ఇక లేరు.