బొట్టెట్టిన సబ్బు

మా వదిన సబ్బు పోసిన రోజున ఇంట్లో ఫ్రిజ్ ఎవరిదన్న తగవు మొదలవుతుంది. వదిన లెక్కలో అది సబ్బుది. అమ్మ లెక్కలో కోనాం చేపలది.

వదిన చేసేది మేకపాల సబ్బు. ఉద్దానం కొబ్బరి నూనె, కాస్త ఆముదం, కాస్టిక్ సోడా. పాలని ముందే ఐస్ ముక్కలు చేసి, వాటిమీద సోడా చిటికెడు చిటికెడుగా వేస్తుంది. తొందరపడితే పాలలోని చక్కెర మాడి నారింజ రంగు తిరుగుతుంది. సత్తు గిన్నెని మాత్రం దరిదాపులకి రానివ్వదు. సోడా తగిలితే సత్తు బుసబుసా పొంగి హైడ్రోజన్ వదులుతుందట. "నా పెళ్లినాటి గిన్నెకేటి తక్కువ?" అని అమ్మకి ఇప్పటికీ కోపమే.

అసలు తంటా అచ్చులో పోశాక. సోడా, నూనె కలిసిన సబ్బు పొయ్యి లేకుండానే వేడెక్కుతుంది. నడిమధ్యన వేడి 70 డిగ్రీలకి అటూ ఇటూగా చేరిందంటే అక్కడ ముదురు రంగు తిరిగి, జెల్లీలా తొణుకుతూ అంచులకి పాకుతుంది. దీన్నే జెల్ ఫేజ్ అంటారు. అది వస్తే సబ్బు పాడైపోయినట్టు కాదు. రంగులు నిగనిగలాడతాయని, అచ్చు తొందరగా వదులుతుందని దుప్పటి కప్పి మరీ రప్పించుకునేవాళ్లున్నారు. పాల సబ్బు తెల్లగా ఉండాలంటే మాత్రం జెల్ రాకూడదు. అందుకే పోసిన వెంటనే ఫ్రిజ్‌లోకి. మే నెలలో శ్రీకాకుళంలో బయట పెట్టడమూ దుప్పటి కప్పడమూ ఒకటే.

ఆ ఆదివారం చేపలొచ్చాయి. అమ్మ సబ్బు అచ్చు తీసి పొయ్యిగట్టు మీద పెట్టింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఈగలు వాలతాయని పాత నేతచీర నాలుగు మడతలేసి కప్పింది.

కాసేపటికి నాన్న వంటింట్లోకి వచ్చి చీర ఎత్తి చూశారు. మీగడ రంగు. నడుమ తొణుకుతోంది. మేకపాలు తెచ్చిన సంగతి ఆయనకి తెలుసు. ఇంకేం, చెంచా తీశారు.

"జున్ను బాగానే తోడుకుంది. బెల్లమేశారా, పంచదారా?"

"మామయ్యా! కాస్టిక్ సోడా!" అంటూ పెరట్లోంచి వదిన పరుగు. చెంచా గాల్లోనే ఆగింది. నాన్న మొహం మాత్రం సబ్బు కంటే తెల్లబడింది.

"ఈగలు వాలకుండా కప్పినాను, తప్పేటి?" అంది అమ్మ, చేప తోముతూ.

వదిన అచ్చుని మళ్లీ ఫ్రిజ్‌లో కుక్కింది. సగం పాకిన జెల్ అక్కడే ఆగిపోయింది. కోసి చూస్తే ప్రతి ముక్కకీ నడుమ గోధుమరంగు గుండ్రం, చుట్టూ తెలుపు. రుద్దుకోడానికి ఏ లోటూ లేదు, అందమే పోయిందని వదిన ఏడుపు. నాలుగైదు వారాలు ఆరనిచ్చి, వాటిని మా అమ్మ వీధిలో పంచిపెట్టింది.

అక్కణ్ణుంచి మొదలైంది. "ఓలప్పా, ఆ బొట్టెట్టిన సబ్బు మాకూ కావాల!"

ఇప్పుడు ఆ బొట్టు కావాలనే రప్పించాలి. వదిన థర్మామీటర్ కొంది. ఒకసారి ఫ్రిజ్‌లో మరీ ఎక్కువసేపుండి సబ్బు మొత్తం తెల్లగానే వచ్చింది. ఇంకోసారి కరెంటు పోయి అంతా గోధుమరంగే. అమ్మ కొంగు దోపుకుని వచ్చి, వదిన చేతిలోంచి అచ్చు లాక్కుంది.

"నాను సూసుకుంటాను గానీ, నువ్వలా తప్పుకోమ్మా."