అన్వేషణ ఖర్చు దగ్గర చెయ్యి బిగిస్తే దిగుమతులు ఎలా తగ్గుతాయి?

జమ్మూకశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం ఖనిజం ఉందని 2023 ఫిబ్రవరిలో ప్రకటించగానే, ఇక బ్యాటరీల కోసం ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదన్నంత హడావుడి నడిచింది. ఆ ఏడాది చివర్లో బ్లాకును వేలానికి పెడితే అర్హులైన బిడ్డర్లు కనీసం ముగ్గురు కూడా దొరకలేదు. 2024 మార్చిలో వేలం రద్దయింది. మళ్లీ పిలిచినా అంతే.

కంపెనీలు ఎందుకు వెనక్కి తగ్గాయో తెలియాలంటే అన్వేషణ ఎలా సాగుతుందో చూడాలి. ఇందులో నాలుగు దశలు. జీ4లో పైపైన సర్వే చేస్తారు, రాతి నమూనాలు ఏరతారు. జీ3లో అక్కడక్కడా డ్రిల్లింగ్ చేసి ఒక అంచనాకు వస్తారు. జీ2, జీ1 దశల్లో బోర్లు దగ్గర దగ్గరగా వేస్తారు. గొట్టంలోంచి కడ్డీలా బయటికొచ్చిన రాతిని ట్రేల్లో వరసగా పేర్చి, ఏ ముక్క ఎంత లోతు నుంచి వచ్చిందో దాని పక్కనే రాసి, ల్యాబుకు పంపుతారు. ఖనిజం ఎంత ఉంది, ఏ గ్రేడుది, తీస్తే గిట్టుబాటవుతుందా అన్నది తేలేది అప్పుడే. అసలు డబ్బు ఖర్చయ్యేదీ అక్కడే. రియాసీని మనం జీ3 దగ్గరే ఆపేసి వేలానికి తెచ్చాం. రాయలసీమ రైతుకైనా నీళ్లు పడతాయో లేదో తెలియకుండా బోరుకు అప్పు చేయడమంటే ఎంత టెన్షనో తెలుసు. వందల కోట్లు పెట్టాల్సిన కంపెనీ అంతకంటే ధైర్యం చేస్తుందని ఎలా అనుకున్నాం?

ప్రపంచవ్యాప్తంగా ఖనిజాన్వేషణకు పెడుతున్న ఖర్చులో మన వాటా ఒక శాతం కూడా లేదు. గనుల లీజుదారులు కట్టే రాయల్టీపై 2 శాతం వసూలు చేసి అన్వేషణకు వాడేందుకు 2015లో ఒక ట్రస్టు పెట్టారు. 2025లో దాన్ని 3 శాతం చేశారు. మంచిదే. కానీ అదే 2015 చట్ట సవరణ వేలాన్ని తప్పనిసరి చేసి, వెతికి కనిపెట్టినవాడికే తవ్వుకునే హక్కులో ముందు వరస అన్న పద్ధతికి ముగింపు పలికింది. ఆస్ట్రేలియా, కెనడాల్లో కొత్త నిక్షేపాలను చాలావరకు బయటపెట్టేది చిన్న అన్వేషణ కంపెనీలే. అలాంటివాళ్లకు మన దగ్గర చోటే లేకుండా పోయింది. 2023లో 29 ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు తెచ్చి కొంత దిద్దుకున్నారు. ఆ మధ్య పోయిన ఎనిమిదేళ్లు మాత్రం తిరిగి రావు.

చమురు కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 2011-12లో దాదాపు 3.8 కోట్ల టన్నులున్న దేశీయ ముడిచమురు ఉత్పత్తి 2023-24కు 2.9 కోట్ల టన్నులకు జారింది. వాడకంలో దిగుమతుల వాటా 88 శాతానికి చేరింది. ఉత్పత్తి ఇలా పడిపోతున్న సమయంలోనే, 2018 జనవరిలో, చమురు వెతకాల్సిన ఓఎన్‌జీసీ చేత 36,915 కోట్ల రూపాయలు పెట్టించి, చమురును శుద్ధి చేసి అమ్మే హెచ్‌పీసీఎల్‌లో ప్రభుత్వ వాటా కొనిపించారు. అందుకు వేల కోట్ల అప్పు కూడా చేయాల్సి వచ్చింది. ఆ సొమ్ముతో ఖజానాకు పెట్టుబడుల ఉపసంహరణ లక్ష్యం నెరవేరింది తప్ప దేశానికి ఒక్క కొత్త చమురు బావి రాలేదు. ఆ నిర్ణయాన్ని ఏ కోణంలో చూసినా సమర్థించలేం.

అన్వేషణ ఖర్చులో కోత పెడితే దెబ్బ వెంటనే కనబడదు, అదే అసలు ప్రమాదం. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ-98/2 బ్లాకును ఓఎన్‌జీసీ 2005లో కెయిర్న్ కంపెనీ నుంచి తీసుకుంది. తొలి చమురు పైకొచ్చింది 2024 జనవరిలో. అంటే ఈరోజు తగ్గించిన బావుల ప్రభావం పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత పెట్రోలు బంకు దగ్గర తెలుస్తుంది. అప్పటికి ఆ కోత పెట్టిన మంత్రీ ఉండడు, అధికారీ ఉండడు.

ఆస్ట్రేలియా గణాంక సంస్థ ప్రతి మూడు నెలలకూ అన్వేషణ ఖర్చు లెక్కలు విడుదల చేస్తుంది. ఖనిజాలకెంత, పెట్రోలియానికెంత, ఎన్ని మీటర్లు డ్రిల్ చేశారు, కొత్త నిక్షేపాల కోసం ఎంత, పాతవాటి చుట్టూ ఎంత అన్నీ విడివిడిగా ఉంటాయి. 2014లో చమురు ధరలు కూలాక అక్కడ పెట్రోలియం అన్వేషణ ఖర్చు కొన్నేళ్లలోనే సగానికన్నా కిందికి పడిపోయింది. మరోవైపు ఖనిజాన్వేషణ 2016 తర్వాత పుంజుకుని 2022-23 నాటికి ఏడాదికి 400 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల స్థాయికి చేరింది. ఈ మార్పు జరుగుతుండగానే అక్కడి పార్లమెంటుకూ పత్రికలకూ తెలిసింది.

మన లెక్కలు ఖనిజాలు వెతికే జీఎస్ఐ, ఎంఈసీఎల్, గనులపై అజమాయిషీ చేసే ఐబీఎం, చమురు-గ్యాస్ అన్వేషణను చూసే డీజీహెచ్ అనే ప్రభుత్వ సంస్థల నివేదికల్లో తలో చోట, అదీ ఆలస్యంగా దొరుకుతాయి. 2025 జనవరిలో ఆమోదించిన, లిథియం లాంటి కీలక ఖనిజాల మిషన్‌కు 16,300 కోట్లు ప్రకటించారు. 2030-31 నాటికి 1,200 అన్వేషణ ప్రాజెక్టులు చేపడతామన్నారు. వాటిలో ఎన్ని జీ2 దాకా వెళ్లాయి, ఎన్ని మీటర్లు డ్రిల్ చేశారు, ఎంత ఖర్చయింది అన్న పట్టికను మూడు నెలలకోసారి ప్రజల ముందు పెట్టాలి. జీ3 దగ్గర ఆగిన బ్లాకులను వేలానికి తెచ్చేముందు ట్రస్టు డబ్బుతో తర్వాతి దశ డ్రిల్లింగ్ పూర్తి చేయాలి. ఓఎన్‌జీసీ అన్వేషణ బడ్జెట్‌ను ఖజానా అవసరాలకు మళ్లించకుండా చట్టంలోనే అడ్డుకట్ట వేయాలి.