జపాన్ కత్తి తుప్పు గీకొద్దు

రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తాతగారి పెట్టెలో జపాన్ పొట్టి కత్తి కనబడితే మనవలు అడిగేవి రెండే ప్రశ్నలు: ఇది సమురాయ్‌దేనా, ఎంత పలుకుతుంది? ఆ వెంటనే తుప్పు వదిలించడానికి గరుకు కాగితం పట్టుకుంటారు. కత్తి చరిత్ర అక్కడితో సరి.

జపాన్ కత్తి వివరాలు చెప్పేది కాడ, అంటే అలుగు (కత్తి ఉక్కు భాగం) పిడిలోపలికి దూరే చివర. పిడికి అడ్డంగా ఉన్న సన్నటి వెదురు చీలను మెల్లగా నెడితే పిడి ఊడి వస్తుంది. లోపలి తుప్పు నల్లగా, నున్నగా ముదిరి ఉంటే వందల ఏళ్ల అలుగు కావచ్చు. ఎర్రగా, పలచగా ఉంటే కొత్తదనే అనుమానించాలి. ఒకటికి మించి రంధ్రాలుంటే పిడులు మారి ఉంటాయి, లేదా పొడుగు కత్తిని కోసి పొట్టి చేసి ఉంటారు. కమ్మరి పేరు ఉంటే అక్కడే చెక్కి ఉంటుంది. 'షోవా' (అప్పటి చక్రవర్తి పాలనాకాలం పేరు), 'సెకి' (కత్తుల తయారీకి పేరున్న ఊరు) అనే చిన్న ముద్రలు కనిపిస్తే యుద్ధకాలపు సరుకు, చాలావరకు పాత పద్ధతిలో చేసింది కాదు. నక్షత్రం ముద్ర ఉంటే సాధారణంగా సైన్యం గుర్తించిన కమ్మరి చేతి పని. గరుకు కాగితం తగిలితే ఈ ఆధారాల్లో చాలా పోతాయి. ఆ తుప్పును మళ్లీ ఎవరూ తేలేరు.

యుద్ధకాలపు కత్తులన్నీ ఫ్యాక్టరీ సరుకేనన్న మాట నేను ఒప్పుకోను. రైఫిల్‌కు తగిలించే బాయ్‌నెట్ ఫ్యాక్టరీదే, తుపాకీ గొట్టానికి తొడిగే రింగు చూస్తేనే తెలిసిపోతుంది. కానీ ఇంట్లో తరతరాలుగా ఉన్న అలుగుకే సైనిక పిడి, ఒర వేయించుకుని యుద్ధానికి వెళ్లిన అధికారులు ఎందరో. 30 నుంచి 60 సెంటీమీటర్ల అలుగుండే వాకిజాషి అనే కత్తి అయినా, అంతకన్నా పొట్టిదైన టాంటో అనే బాకు అయినా, పైన తోలు తొడుగు మామూలుగా కనిపిస్తున్నంత మాత్రాన లోపలిది మామూలుదని తేల్చేయకూడదు.

యుద్ధంలో జపాన్ వేయించిన సయాం (థాయ్‌లాండ్)–బర్మా రైలు మార్గంలో మలయా నుంచి తీసుకెళ్లిన తమిళ, తెలుగు కూలీలను చంపిన సైన్యం కత్తికి ఇంత మర్యాద ఎందుకని అడిగేవారున్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ పేరు చెరిగిన కత్తి చంపినవాడి గురించీ చెప్పదు, చచ్చినవాడి గురించీ చెప్పదు.

అసలు విషయం ఇంకా పెద్దది. అమరావతి స్తూపం శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఎందుకున్నాయని మనం అడుగుతాం, కోహినూర్ మాదంటాం. అడగాల్సిందే. ఆ గొంతుకు బలం రావాలంటే జపాన్ సైన్యంతో మనవాళ్లు పోరాడిన ఇంఫాల్, కోహిమా, బర్మాల నుంచి మన ఇళ్లకు చేరిన పరాయి వస్తువులకూ అదే న్యాయం వర్తించాలి. ఒకప్పుడు జపాన్‌ను ఏలిన టోకుగావా వంశం వారసత్వంగా దాచుకున్న హోంజో మసమునే అనే పేరుమోసిన కత్తి 1945 డిసెంబరులో టోక్యోలోని ఒక పోలీస్ స్టేషన్‌లో అప్పగించాక మాయమైంది. ఎవరు పట్టుకెళ్లారో సరిగ్గా రాసి ఉంచలేదు కాబట్టే ఇప్పటికీ వెతుకుతున్నారు. తాత ఏ దళంలో, ఏ ఏడాది, ఎక్కడ ఉన్నాడో ఇంట్లో పెద్దవాళ్లు బతికుండగానే అడిగి, కాగితం మీద రాసి కత్తితోపాటు ఉంచాలి.

తిరిగి ఇవ్వాలనుకునేవాళ్లు తొందరపడి పార్సిల్ కట్టొద్దు. సంప్రదాయ పద్ధతిలో చేయని కత్తికి జపాన్‌లో రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేని కత్తిని ఉంచుకోవడం అక్కడ నేరం. జపాన్‌కు ముందు వెళ్లాల్సింది కత్తి కాదు, కాడ ఫొటోలు, రెండు వైపులవీ, పగటి వెలుతురులో తీసినవి.