గుడ్లు కాపాడితే చాలా?

విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ల గుడ్లను హేచరీల్లో, అంటే కాపలా ఉన్న ఇసుక ఆవరణల్లో, పొదిగించడం ప్రకృతిలో అనవసర జోక్యం అంటోంది నేను చదివిన ఒక వ్యాసం. మరి వీధికుక్కలు తవ్వి తినే బీచ్‌లో వాటిని వదిలేయడం మాత్రం మన నిర్ణయం కాదా? ఆ కుక్కలు అక్కడికి చేరిందే మన వల్ల. నా అనుమానం వేరే. ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడదా మగదా అన్నది తేలుతుంది. 32 డిగ్రీలు దాటితే దాదాపు అన్నీ ఆడవే. అంటే హేచరీకి ఎంత నీడ కట్టాలన్నది చిన్న విషయం కాదు, ఇసుక వేడిని రోజూ కొలిచి రాయాల్సిందే. ఇక తల్లుల సంగతి! అవి ఒడ్డుకొచ్చేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు, సముద్రంలో చేపల వేట నిషేధం మొదలయ్యేదేమో ఏప్రిల్ 15న. అంటే అవి గుడ్లు పెట్టే కాలమంతా వలలు తిరుగుతూనే ఉంటాయి, తల్లులు వాటిలో చిక్కుతాయి. పడవలు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలకు, చిక్కిన తాబేలు తప్పించుకునే దారి ఇచ్చే టెడ్ అనే పరికరాలు ముందు బిగించండి, పిల్లల్ని సముద్రంలో వదిలే ఫొటోలు తర్వాత.