వెతకాల్సినవాళ్ళంతా పడవలోనే ఉన్నారు

సంక్రాంతి దగ్గరపడుతోంది. పండక్కి కాకినాడలో దిగే మా బావలు, వదినలు, అమెరికా పిల్లలు అందరూ నన్ను అడిగేది ఒకటే: "హోప్ ఐలాండ్‌కి పడవ మాట్లాడవా?" మాట్లాడతాను. కానీ ఈసారి నా షరతులు నావి. అవి ఫ్యామిలీ గ్రూపులో పెడితే "పిక్నిక్‌కి వెళ్తున్నామా, నేవీలో చేరుతున్నామా" అని వెటకారం. అందుకే ఇక్కడ విడమరిచి రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఓపికున్నవాళ్ళే చదవండి.

మూడేళ్ళ కిందట, ముక్కనుమ నాడు. అమ్మ, నాన్న, అత్తగారు, బావ, చెల్లి, మా ఆవిడ, నేను, నలుగురు పిల్లలు. మొత్తం పదకొండుమంది. తెలిసినాయన ద్వారా ఓ చేపల పడవ మాట్లాడుకున్నాం. పడవ నడిపే సరంగు, ఆయన కొడుకు కలిపి పదమూడు. చేపల వేటకి వెళ్ళే పడవలో సరదాకి జనాన్ని ఎక్కించడమే తప్పు. తెలిసే ఎక్కాం. ఈ పోస్టులో తిట్లన్నీ ముందు నాకే వర్తిస్తాయి, ఆ తర్వాతే మీకు.

హోప్ ఐలాండ్ అంటే గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో సముద్రంలోకి పెరిగిన మేట. పొడవు 16 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బయటి అలల్ని అది కాస్తుంది కాబట్టే లోపల నీళ్ళు చెరువులా కనిపిస్తాయి. మోసమంతా అక్కడే. ఆ చెరువులో గంటసేపు తిరిగేసరికి మా బావకి హుషారొచ్చి, "ఇంతేనా? ఓసారి బయటి సముద్రం చూపించవయ్యా" అన్నాడు. సరంగు నావైపు చూశాడు. నేను తలూపాను. కొన దాటాక పది నిమిషాలు బాగానే గడిచింది. ఆ తర్వాత ఎవరో తెంపి వదిలేసిన పాత వల ముక్క ఒకటి ఇంజన్ ఫ్యానుకి చుట్టుకుంది. దడదడమని కొట్టుకుని ఇంజన్ ఆగిపోయింది.

ఇంజన్ ఆగిన పడవ అలకి అడ్డంగా తిరుగుతుందని నాకు ఆరోజే తెలిసింది. ఎదురుగా వెళ్ళేటప్పుడు ఊయలలా అనిపించిన అలే పక్కనుంచి కొడుతుంటే పడవ ఒరిగిపోతోంది. లంగరు వేస్తే పడవ ముక్కు అలకి ఎదురు తిరిగి నిలబడుతుంది. వేశాడు, కానీ తాడు చాలలేదు. నీటి లోతుకి కనీసం 5 రెట్లు తాడు ఉంటేగానీ లంగరు అడుగున పట్టు దొరకబుచ్చుకోదు. మా తాడు నిటారుగా వేలాడుతోంది. పడవ పోతూనే ఉంది.

లైఫ్ జాకెట్లు అన్నాను. చెక్క కింద నుంచి ఆరు బయటికొచ్చాయి. రెండింటికి కట్టుకునే నాడాలు లేవు. పిల్లల సైజు ఒక్కటీ లేదు. ఊగుతున్న పడవలో ఏడుస్తున్న ఐదేళ్ళ పిల్లకి పెద్దవాళ్ళ జాకెట్ తొడగడం ఎప్పుడైనా చూశారా? భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తితే జాకెట్ నా చేతుల్లోకొచ్చేసింది, పిల్ల కిందే ఉంది. నీళ్ళలో పడితే జరిగేదీ అదే. పిల్లల జాకెట్‌కి కాళ్ళ మధ్యనుంచి ఓ పట్టీ ఉంటుంది, అది బిగించాలి. ఆ పట్టీ ఎందుకో అప్పటిదాకా నాకు తెలీదు.

ఇక ఫోన్లు. వీడియోలు తీసి తీసి బావ ఫోన్ ఎప్పుడో చచ్చింది. నాది ఒక గీత సిగ్నల్ చూపిస్తోంది. ఎవరికి చెయ్యాలి? 100కా, 108కా? ఆలోచించుకునేలోపు పడవ కుదిర్చినాయనకి కొట్టాను. పండగ కదా, ఎత్తలేదు. ఆ గీత కూడా పోయింది.

అప్పుడు వెలిగింది నాకు. మేం సాయంత్రం ఇంటికి రాకపోతే కంగారుపడి వెతికించేది ఎవరు? అమ్మ, నాన్న, చెల్లి, బావ. అందరూ నా పక్కనే, తడిసి ముద్దయి, దేవుళ్ళకి మొక్కుకుంటూ కూర్చున్నారు. మమ్మల్ని వెతకాల్సినవాళ్ళంతా మాతోపాటే పడవలో ఉన్నారు! ఒడ్డున మా కోసం గడియారం చూసేవాడు ఒక్కడూ లేడు. స్టేటస్‌లో ఫోటోలు చూసి లవ్ సింబల్ కొట్టినవాళ్ళు మాత్రం నూట యాభై మంది.

రెండున్నర గంటలు అలా గడిచాయి. సరంగు కొడుకు నడుముకి తాడు కట్టుకుని మూడుసార్లు మునిగి కత్తితో కోస్తే సగం వల వచ్చింది. వేట ముగించుకుని వస్తున్న ఇంకో పడవవాళ్ళు మమ్మల్ని చూసి తాడేసి లాక్కొచ్చారు. ఒక్క పైసా తీసుకోలేదు. ఆ రెండున్నర గంటల్లో మా దగ్గరున్నవి రెండు డబ్బాల కాకినాడ కాజాలు, ఓ క్యారేజీ పులిహోర, అడుగంటిన నీళ్ళ సీసాలు నాలుగు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతుంటే కాజా తినమని ఇచ్చే అత్తగారిని ఏమనాలో ఇప్పటికీ తెలీదు. అమ్మ బీపీ మాత్రలు కారులో ఉన్నాయి. కారు రేవులో ఉంది.

ఇంటికొచ్చాక నాన్న అన్నమాట: "మా కాలంలో జాకెట్లెక్కడివిరా, వెళ్ళలేదా, రాలేదా." రానివాళ్ళు ఈ మాట చెప్పడానికి లేరు కదా నాన్నా! 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పుడు అందులో ఉన్నది 77 మంది. బతికినవాళ్ళు 26 మంది. ఆ లాంచీని అక్టోబర్ 22న బయటికి లాగింది మా కాకినాడ ధర్మాడి సత్యం బృందమే. ఆ రోజుల్లో మా ఊళ్ళో ప్రతి టీకొట్టు దగ్గరా ఇదే చర్చ, ప్రభుత్వాన్ని తిట్టనివాడు లేడు. తిట్టాల్సిందే. కానీ అలా తిట్టినవాళ్ళే మర్నాడు "ఉక్కపోస్తోంది, ఫోటోలో బాగోదు" అని జాకెట్ విప్పి పక్కన పెడతారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. 2024 డిసెంబర్‌లో ముంబైలో ఎలిఫెంటా గుహలకి వెళ్తున్న ఫెర్రీని నేవీ స్పీడ్ బోటు గుద్దేసింది. పడవ తాడు విప్పేముందే జాకెట్ ఒంటి మీద ఉండాలనేది ఇందుకే. దెబ్బ తగిలాక వెతుక్కోవడానికి టైం ఉండదు.

మా తమ్ముడు ఫ్లోరిడాలో, టాంపాలో ఉంటాడు. వాడికి ఈ కథ చెప్తే నవ్వి, "మేం అద్దె బోటు తీసుకున్నా ఫ్లోట్ ప్లాన్ ఇచ్చి వెళ్తాంరా" అన్నాడు. అదేం బ్రహ్మవిద్య కాదు. ఎంతమందిమి, ఏ పడవ, ఎటు వెళ్తున్నాం, ఎన్నింటికి తిరిగొస్తాం, రాకపోతే ఎవరికి చెప్పాలి. ఇవి రాసి ఒడ్డున ఉండే మనిషికి ఇవ్వడం, అంతే. వాళ్ళ ఊరి పక్కనే క్లియర్‌వాటర్ దగ్గర 2009లో జరిగిన సంగతి కూడా వాడే చెప్పాడు. నలుగురు కండలు తిరిగిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు వేటకి వెళ్ళారు. లంగరు ఇరుక్కుపోతే తాడుని పడవ వెనక భాగానికి కట్టి ఇంజన్ రేపారు. పడవ బోర్లా పడింది. శనివారం మునిగితే సోమవారం దొరికాడు ఒక్కడు, బోర్లాపడ్డ పడవని కరుచుకుని. మిగతా ముగ్గురూ పోయారు. నాకు ఈత వచ్చు అని ఛాతీ చూపించే మా బావకి ఇది రెండుసార్లు చెప్పాను. పడవ తేలుతున్నంతసేపు దాన్ని వదిలి ఒడ్డుకి ఈదుదామనుకోకూడదు. వెతికేవాళ్ళకి పడవ కనిపిస్తుంది, మనిషి తల కనిపించదు.

తల కనిపించదు అంటే నిజంగానే కనిపించదు. ఎవరైనా జారి పడితే అందరూ అరవడం, ఇద్దరు దూకడం మన పద్ధతి. దూకకూడదు. ఒకరు వేలు చూపిస్తూ, కళ్ళు తిప్పకుండా ఆ మనిషినే చూస్తుండాలి. అది ఒక్కటే వాళ్ళ పని. ఇంకొకరు తేలేదేదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్ అయినా సరే, దానికో తాడు కట్టి ఉంచితే మరీ మంచిది. సరంగే పడిపోతే? ఇంజన్ ఆపడం పడవలో ఇంకొక్కరికైనా తెలియాలి. బయల్దేరేముందు నేర్పమని అడిగితే ఏ సరంగూ కాదనడు, నేను అడిగి చూశాను. "సార్లెవరూ అడగరండి ఇది" అన్నాడు.

నంబర్లు రాసుకోండి. సముద్రంలో ఆపదొస్తే కోస్ట్ గార్డ్‌కి 1554. మెరైన్ పోలీసులకి 1093. "ఎక్కడున్నారు" అని అడిగితే "సముద్రంలో" అని చెప్తే లాభం లేదు. ఫోన్లో సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాప్ బొమ్మ రాకపోవచ్చు గానీ అక్షాంశం, రేఖాంశం అంకెలు వస్తాయి. ఎలా చూడాలో ఇంట్లో సోఫాలో కూర్చుని నేర్చుకోండి. ఫోన్‌ని నీళ్ళు పోని కవర్లో వేసి మెడలో వేలాడదీయండి, ఒక ఫోన్ వీడియోల జోలికి పోకుండా ఫుల్ చార్జింగ్‌తో ఉండాలి. ఇంకా దూరం వెళ్తే ఫోన్ దండగ. వీహెచ్ఎఫ్ రేడియో ఉన్న పడవ ఎక్కండి, అందులో 16వ ఛానల్ ఆపదలకి. మత్స్యకారుల కోసం ఇస్రో తయారుచేసిన డ్యాట్ పరికరం ఉంటే ఇంకా నయం. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కబురు కోస్ట్ గార్డ్‌కి వెళ్తుంది.

అలల సంగతి ముందే చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఎక్కడుందో తెలుసా? సముద్రమే లేని హైదరాబాదులో. మా బావ ఇంటికి బైకు మీద అరగంట. కిందటి కార్తీకంలో మళ్ళీ ప్లాన్ వేస్తే, పెద్ద అలల హెచ్చరిక ఉందని ఒక ఆదివారం నేను రద్దు చేశాను. ఎండ ఫెళ్ళున కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. బావ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఎక్కడో దూరాన గాలివాన రేగితే ఆ అల మన ఒడ్డుకి ఎండపూట కూడా వస్తుందని ఎంత చెప్పినా వినడే!

తర్వాతి ఆదివారం వెళ్ళాం. ఈసారి పర్యాటకుల బోటు, అందరికీ జాకెట్లు, పిల్లలవి నేనే కొన్నాను. అమ్మ మాత్రలు అమ్మ దగ్గరే. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. పక్కింటి రిటైర్డ్ మాస్టారికి కాగితం రాసిచ్చాను. ఆరింటికల్లా వస్తాం, రాకపోతే నాకు ఫోన్ చెయ్యండి, ఎత్తకపోతే 1554కి చెయ్యండి అని. అయిదుంపావుకే రేవులో దిగాం. పిల్లలు ఆకలంటే పెసరట్ల బండి దగ్గర ఆగాం. దిగామని మాస్టారికి చెప్పడం శుభ్రంగా మర్చిపోయాను.

ఆరు గంటల ఒక నిమిషానికి ఫోన్ మోగింది. చట్నీ చేతులతో ఎత్తాను. "వెధవా, ఒడ్డెక్కితే చెప్పాలని కాగితంలో రాసుకోలేదా?" అని మాస్టారు క్లాసు పీకారు. పక్కన పెసరట్టు తింటున్న మా బావ మూడేళ్ళలో మొదటిసారి నా మొహం చూసి పగలబడి నవ్వాడు.