కీళ్ళవాతం ఉన్నోళ్ళు ఎక్సర్‌సైజ్ చెయ్యాలా వద్దా: సుగుణక్కకీ భార్గవికీ వాదన

ఇద్దరిదీ తిరుపతే, ఇద్దరికీ రుమటాయిడ్ ఆర్థరైటిసే, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తే మన కీళ్ళ మీద పడి వాపు తెప్పించే జబ్బు. సుగుణక్క ఇంట్లో టైలరింగ్ చేస్తాది, భార్గవి బ్యాంకులో పనిచేస్తాది. వాదన కోసం నేను నిలబెట్టిన మనుషులే గానీ మాటలు మాత్రం ఈ జబ్బున్న ఇళ్ళల్లో రోజూ వినపడేవే.

సుగుణక్క: పొద్దున లేస్తే గంట దాకా పిడికిలి ముడుచుకోదు, జాకెట్ హుక్కు పెట్టుకోలేను, అట్లాంటి మనిషిని పట్టుకుని ఎక్సర్‌సైజ్ చెయ్ ఎక్సర్‌సైజ్ చెయ్ అంటా ఉంటారే, ఎట్ల చేసేది? మా చుట్టాల్లో ఒకాయన కొండకి నడిచిపో, కీళ్ళన్నీ వదులవుతాయి అన్న్యాడు. స్వామి మీద భారం వేసి అలిపిరి నుంచి ఎక్కినా. 3550 మెట్లు. గోవిందా గోవిందా అంటా ఎక్కేటప్పుడు ఏం తెలీలేదు, మర్నాటి నుంచి మోకాళ్ళు ఉబ్బిపొయ్యి మంచం దిగలేదు, మిషన్ తొక్కలేక పెళ్ళోళ్ళ బ్లౌజులు కూడా తిరిగిచ్చేసినా.

భార్గవి: మీకు ఆ సలహా ఇచ్చినాయనది తప్పేనక్కా. వీధి చివరిదాకా కూడా నడవని మనిషిని ఒకేసారి తొమ్మిది కిలోమీటర్ల మెట్లదారి ఎక్కమంటే ఏ కీలు ఊరుకుంటాది? కానీ ఆ ఒక్క దెబ్బకి అసలు నడకే వద్దు అనుకోవడం ఎట్ల? నెదర్లాండ్స్‌లో మన జబ్బే ఉన్న 300 మందికి పైగా మనుషుల్ని రెండేళ్ళు చూసినారు, వాళ్ళల్లో ఒక గుంపుకి వారానికి రెండుసార్లు గంటంబావు గట్టి వ్యాయామమే ఇచ్చినారు, 2003లో రిజల్ట్ వచ్చింది. చేసినోళ్ళు పనులు మెరుగ్గా చేసుకోగలిగినారు, జబ్బు తీవ్రత ఏం పెరగలేదు.

సుగుణక్క: పూర్తిగా చెప్పు మరి. మోకాళ్ళు, భుజాలు లాంటి పెద్ద కీళ్ళు ముందే బాగా పాడైనోళ్ళు జాగ్రత్తపడాలని కూడా తేలింది కదా అందులో?

భార్గవి: తేలింది. అట్లాంటోళ్ళకి బరువు పడే వ్యాయామాలు తగ్గించాల్సిందే, కాదన్ను.

(ఇక్కడ అక్క మాటే నిలబడింది. మోకాలి ఎక్స్‌రే కూడా చూడకుండా స్క్వాట్లు చెయ్యమనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపం వస్తాది.)

సుగుణక్క: నొప్పైనా ఓర్చుకుంటా గానీ ఈ నీరసం ఉండాదే, అది ఎవురికీ అర్థం కాదు. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్ళు తడిసిన గోనెసంచి మాదిరిగా ఉంటాది, స్నానం చేసి తల దువ్వుకునేసరికే ఆ రోజు ఓపిక అయిపోతాది. బయటికి ఏం కనపడదు కాబట్టి బద్ధకం అంటారు. ఇంట్లోవాళ్ళే అంటారు. కదిలితే ఓపిక వస్తాదని నువ్వు కూడా అదే మాట తిప్పి చెప్తా ఉండావు.

భార్గవి: బద్ధకం అన్నోళ్ళతో నన్ను కలపొద్దక్కా, నేనూ ఆ మాట పడినదాన్నే. వాపు ఉన్నప్పుడు ఒంట్లో పుట్టే రసాయనాలు మెదడు మీద కూడా పనిచేస్తాయి, జ్వరం వచ్చినప్పుడు పడుకోవాలనిపిస్తాదే, ఇదీ అట్లాంటిదే, మన చేతుల్లో లేదు. దానికి తోడు మన జబ్బులో రక్తం తగ్గడం మామూలు, నొప్పికి నిద్ర తెగిపోతా ఉంటాది, థైరాయిడ్ కూడా ఉండొచ్చు. అందుకే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్పీ రక్తపరీక్ష చూపించుకోకుండా నడువు నడువు అనడం అన్యాయం. కానీ ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా ఒకటి మిగిలిపోతాది. ఈ జబ్బు కండని కరిగించేస్తాది, కదలకపోతే ఇంకా కరుగుతాది, కండ లేని కాలుతో వంటింట్లోకి పోవడం కూడా కొండెక్కినట్టే ఉంటాది. ఆ కండ మాత్రలతో తిరిగిరాదు. గుండె సంగతి కూడా ఉండాది, మామూలోళ్ళకంటే మనకి గుండెజబ్బు ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లు.

సుగుణక్క: మరి ఇంగ్లండులో ఏ జబ్బుకి ఏ ట్రీట్‌మెంట్ ఇవ్వాలో చెప్పే సర్కారు సంస్థ నైస్ వాళ్ళు 2021లో క్రానిక్ ఫెటీగ్, అంటే ఎంతకీ వదలని నీరసం జబ్బు, ఉన్నోళ్ళకి వ్యాయామం పెంచుకుంటా పోయే ట్రీట్‌మెంట్ వద్దన్నారు కదా?

భార్గవి: అది వేరే జబ్బక్కా, వాళ్ళకి కాస్త శ్రమ పడినా మర్నాడో ఆ మర్నాడో కుప్పకూలిపోతారు. మనకైతే యూరప్‌లో కీళ్ళజబ్బుల డాక్టర్ల సంఘం యూలార్ 2018లోనే చెప్పింది, వ్యాయామం మన ట్రీట్‌మెంట్‌లో భాగమే అని. కానీ మనలో ఎవురికైనా ఆ కూలిపోయే లక్షణం ఉంటే బలవంతంగా పెంచకూడదు, డాక్టర్‌కి చెప్పాలి.

సుగుణక్క: సరే, మోతాదు ఎవురు చెప్పేది? టీవీలో యోగా చూసి సూర్యనమస్కారాలు చేస్తే నా మణికట్లు మాట్లాడినాయి.

భార్గవి: అరచేతుల మీద బరువు మోపేవి ఏవీ వద్దు. శీర్షాసనం మాటే ఎత్తొద్దు, మన జబ్బు చాలా ఏళ్ళుంటే మెడ పైఎముకలు కూడా వదులవుతాయి. యూనివర్సిటీ గ్రౌండ్‌లో సమతలంగా ఐదు నిమిషాలు నడవండి చాలు, అది కూడా పొద్దున్నే కాదు, ఒళ్ళు బిగుసుకున్నది వదిలినాక, ఎండాకాలమైతే సాయంత్రం. కుర్చీలో నుంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోండి. చేసినాక మామూలుకంటే ఎక్కువ నొప్పి రెండు గంటలు దాటి ఉంటే ఈసారి తగ్గించాలి, అంతే లెక్క. కీలు వేడిగా, ఉబ్బి ఉంటే దానికి ఆ రోజు బరువు లేదు, మెల్లగా వంచి చాపడమే.

సుగుణక్క: అంటే ఫ్లేర్, అదే జబ్బు ఉన్నట్టుండి ఎక్కువైనప్పుడు పడుకుంటే తప్పు కాదు కదా?

భార్గవి: తప్పెందుకవుతాది? ఫ్లేర్ తగ్గినాక కూడా భయంతో నెలలు నెలలు మంచం మీదే ఉండిపోవద్దనే నా గొడవంతా.

సుగుణక్క: భయం కాదు భార్గవీ, లెక్క. నాకున్న ఓపిక గ్రౌండ్‌లో పెట్టేస్తే మిషన్ ఎవురు తొక్కేది, ఇల్లు ఎట్ల గడిచేది? నీకు నెలైతే జీతం వస్తాది.

భార్గవి: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదక్కా. ఆర్డర్లు లేని రోజైనా రాండి.

సుగుణక్క: ఐదు నిమిషాలకి వస్తా, ఆరో నిమిషం అడగొద్దు. మన జబ్బుకి వారానికోసారి వేసుకునే మందు మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు నాకు ఒళ్ళు బాగుండదు, ఆ రోజు మాత్రం ఫోన్ కూడా చెయ్యొద్దు.