జీతం లేని సీల్ ఇన్‌స్పెక్టర్

మీకొక ఉద్యోగం వచ్చింది. వచ్చి చాలా ఏళ్లయింది. పరీక్ష రాయలేదు, ఇంటర్వ్యూకి వెళ్లలేదు, సిఫారసు కోసం ఎవరి గుమ్మమూ తొక్కలేదు. అయినా వచ్చింది. నియామక పత్రం మందు సీసా మూత పక్కనే, చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చయి ఉంది: "సీల్ చెదిరి ఉంటే వాడవద్దు."

చెదిరిందో లేదో చూడాల్సింది ఎవరు? తయారుచేసినవాడు చూడడు, వాడు సీల్ వేసి పంపేశాడు. మోసుకొచ్చినవాడు చూడడు, వాడికి పెట్టెల లెక్క సరిపోతే చాలు. అమ్మినవాడికి చిల్లర చూసుకోవడంతోనే సరిపోతుంది. ఇక మిగిలింది మీరు. కాబట్టి ప్రపంచ సీళ్ల తనిఖీ శాఖలో ఆఖరి అధికారి, పైన అప్పీలు లేని అధికారి మీరే. జీతం లేదు. శిక్షణ లేదు. తప్పు జరిగితే బాధ్యత మాత్రం మొత్తం మీదే.

ఇదే శాఖలో నేను ఎంత శ్రద్ధగా పనిచేస్తున్నానో మనవి చేసుకుంటాను. మొన్న రాత్రి దగ్గు మందు సీసా తీశాను. మూత చుట్టూ బిగుతుగా ప్లాస్టిక్ తొడుగు, దాని మీద నిలువునా సన్నటి చిల్లుల గీత. ఆ గీత దగ్గర పట్టుకుని లాగితే చక్కగా విడిపోవాలి. గోరు పట్టలేదు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. పన్ను పెట్టాను. తొడుగు ఊడింది. మూత తిప్పాను, కింది రింగు కటకటమని తెగింది. లోపల సీసా మూతికి అంటుకుని వెండి రంగు రేకు. దాని చెవి పట్టుకుని లాగితే చెవి చేతికొచ్చింది, రేకు అక్కడే ఉంది. పెన్నుతో పొడిచాను. మందు తాగి పడుకున్నాను.

మూడు సీళ్లు. ఒకదాన్ని కొరికాను, ఒకదాన్ని విరిచాను, ఒకదాన్ని పొడిచాను. ఒక్కదాన్నీ చూడలేదు. సాక్షి నోరు విప్పకముందే సాక్షిని లేపేసే దర్యాప్తు అధికారిని నేను. మీరు నాకంటే గొప్పవారని అనుకోను.

ఆ రేకు గురించి రెండు మాటలు చెప్పకపోతే పాపం తగులుతుంది. మూతలోనే రేకును అమర్చి, సీసాకి బిగించి, విద్యుదయస్కాంత క్షేత్రం పుట్టించే ఒక తీగచుట్ట కింద నుంచి నడిపిస్తారు. ఆ క్షేత్రం ప్రభావంతో అల్యూమినియం రేకులో కరెంటు పుడుతుంది, రేకు వేడెక్కుతుంది, దాని అడుగున ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొర కరిగి సీసా మూతికి అతుక్కుంటుంది. పైన మూసి ఉన్న మూతను ఎవరూ ముట్టుకోరు. మంట లేదు, జిగురు లేదు. ఫిజిక్స్ పుస్తకంలో ఒక పాఠం మొత్తం మీ సీసా మూతి మీద పరిచి ఉంది. దానికి మన సమాధానం బాల్ పెన్ను.

జాడీ మూత మధ్యలో ఉండే గుండ్రటి బొడిపె పరిస్థితీ ఇంతే. లోపల గాలి తీసేసి మూసినప్పుడు ఆ బొడిపె లోపలికి దిగి ఉంటుంది. గాలి చొరబడితే టక్కుమని పైకి లేస్తుంది. అంటే కొనేటప్పుడే అది పైకి లేచి ఉందంటే జాడీని ఎవరో తెరిచారు, లేదా గాలి దూరింది. మనం ఏం చేస్తాం? బొటనవేలితో నొక్కుతాం, టక్కుమంటుంది. సరదాగా ఉంది కదా అని మళ్లీ నొక్కుతాం. అది ప్రమాద సూచికని తెలియక దరువు వేసుకుంటూ ఇంటికి తెచ్చుకుంటాం.

అసలు చిక్కంతా సీల్‌ని తాళం అనుకోవడంలో ఉంది. తాళం ఆపుతుంది. సీల్ ఎవర్నీ ఆపదు, జరిగింది చెబుతుంది, అదీ మనం అడిగితేనే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని వెక్కిరిస్తాం గానీ, ఆ కుక్కలు ఆలస్యంగానైనా తమంతట తామే మొరిగాయి. సీల్‌కి ఆ మాత్రం చొరవ కూడా లేదు. మనమే దాని దగ్గరికి వెళ్లి, వెలుతురులో పెట్టి, అటూ ఇటూ తిప్పి, "ఏమన్నా జరిగిందా తల్లీ" అని అడగాలి.

ఈ ఉద్యోగం మన నెత్తిన పడటానికి కారణమైన సంఘటన మాత్రం నవ్వులాట కాదు. 1982 సెప్టెంబరు చివర్లో అమెరికాలోని షికాగో పరిసరాల్లో టైలనాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్ వేసుకున్న ఏడుగురు చనిపోయారు. ఎవరో క్యాప్సూల్స్ విప్పి, సైనైడ్ నింపి, సీసాలను మళ్లీ దుకాణాల అరల్లో పెట్టారు. సీసాను ముందే ఎవరైనా తెరిచారో లేదో కొనేవాళ్లకి చెప్పే ఆనవాలు అప్పటి ప్యాకింగ్‌లో లేదు. కంపెనీ దాదాపు 3.1 కోట్ల సీసాలను వెనక్కి తెప్పించింది. ఆ హత్యల్లో ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు. ఆ నవంబరులోనే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కొత్త ప్యాకింగ్ నిబంధన తెచ్చింది. 1983లో ఇలా సరుకులో వేలు పెట్టడాన్ని దేశమంతటికీ వర్తించే ఫెడరల్ నేరం చేశారు. అదే మందు మూడు సీళ్లతో మళ్లీ వచ్చింది: జిగురుతో అంటించిన అట్టపెట్టె, మూత చుట్టూ తొడుగు, లోపల రేకు. 1986లో న్యూయార్క్ రాష్ట్రంలో సైనైడ్ కలిసిన అదే మందు క్యాప్సూల్ వేసుకుని ఒకామె చనిపోయింది. దాంతో కంపెనీ ఆ క్యాప్సూల్స్‌నే మానేసి, విప్పడానికి వీల్లేని బిళ్లలకు మారింది.

ఆ నిబంధన భాషలో ఒక చిన్న మార్పు జరిగింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ నాకు చాలా ఇష్టం. మొదట దాన్ని "వేలు పెట్టనివ్వని" ప్యాకింగ్ అన్నారు. తర్వాత మాట మార్చి "వేలు పెడితే తెలిసిపోయే" ప్యాకింగ్ అన్నారు. ఒక ప్రభుత్వ శాఖ తన చేతకానితనాన్ని ఇంత నిజాయితీగా చట్టంలో రాసుకోవడం నేను మరెక్కడా చూడలేదు. అందులోనే ఇంకో ముక్క ఉంది. సీల్ తెగిపోయినా, అసలు లేకుండా పోయినా, దాని గురించిన హెచ్చరిక మాత్రం చెక్కుచెదరని చోట అచ్చు వేయాలట. అంటే సీల్ పోవచ్చు. మీ నియామక పత్రం పోకూడదు.

మనం సరే, అమాయకులం. చదువుకున్నవాళ్లు, ప్రాణాల మీదికి వచ్చినవాళ్లు సీల్‌ని ఎలా నమ్మారో చూడండి. స్కాట్లండ్ రాణి మేరీ ఇంగ్లండులో బందీగా ఉండి 1586లో బీరు పీపాల్లో దాచి రహస్యంగా ఉత్తరాలు నడిపింది. అవన్నీ ఎలిజబెత్ రాణి మంత్రి వాల్సింగ్‌హామ్ చేతికి వెళ్తున్నాయి. ఆయన దగ్గర ఆర్థర్ గ్రెగరీ అని ఒక పనిమంతుడు. ముద్ర విప్పి, చదివాక, ఎవరూ గుర్తుపట్టకుండా మళ్లీ వేసి పంపడం అతని విద్య. ముద్రలకేమీ కాలేదు. ఆ ఉత్తరాలే సాక్ష్యమై 1587 ఫిబ్రవరిలో మేరీ తల తెగింది. విశేషం ఏమిటంటే, తెల్లవారితే శిక్ష అనగా ఆ రాత్రి ఫ్రాన్స్ రాజుకి రాసిన ఉత్తరాన్ని ఆవిడ అద్భుతంగా మూసింది. అదే కాగితం అంచు నుంచి సన్నటి పట్టీ కోసి, ఉత్తరాన్ని మడిచి, గాట్లు పెట్టి, ఆ పట్టీతోనే కుట్టినట్టు బిగించింది. తెరవాలంటే ఆ పట్టీ చిరగాల్సిందే. పాఠం వంటబట్టింది, పాపం టైమే చాల్లేదు.

ఇక ఈజిప్టు సంగతి. అక్కడి ప్రాచీన రాజు టుటన్‌ఖామన్ సమాధిని 1922లో పురావస్తు పరిశోధకుడు హోవర్డ్ కార్టర్ కనుక్కున్నప్పుడు, దొంగలు తనకంటే మూడు వేల ఏళ్ల ముందే వచ్చి వెళ్లారని అతనికి గుమ్మం దగ్గరే అర్థమైంది. పగలగొట్టిన మేర మళ్లీ గోడ పూసి, శ్మశాన అధికారులు తమ ముద్రలు కొట్టారు. దొంగతనం జరిగాక, చెదిరినవి కాస్త సర్ది, గోడ కట్టి, స్టాంపు వేసి, ఫైలు మూసేశారన్నమాట. ప్రభుత్వ ఉద్యోగం ఎంత ప్రాచీనమైనదో ఇంతకంటే రుజువు ఏం కావాలి? శవపేటిక చుట్టూ ఉన్న లోపలి మందసం తలుపులకు కట్టిన తాడు, దాని మీది మట్టి ముద్ర మాత్రం ఎలా వేసింది అలాగే ఉన్నాయి. అంత లోపలికి తనిఖీ అధికారి కూడా వెళ్లి ఉండడు, అందుకే క్షేమంగా ఉంది.

ఈ కాలపు సీళ్లు గట్టివి కదా అంటారేమో. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రోజర్ జాన్‌స్టన్ బృందం ఏళ్ల తరబడి ఇదే పని పెట్టుకుంది: సీల్ విప్పాలి, మళ్లీ వేయాలి, ఆనవాలు మిగలకూడదు. రెండు వందలకు పైగా రకాలు పరీక్షించారు. చవకవి, ఖరీదైనవి, ఎలక్ట్రానిక్‌వి. అన్నీ లొంగాయి, చాలావరకు నిమిషాల్లో, మామూలు పనిముట్లకే. అయితే వాళ్లు చెప్పిన అసలు సంగతి ఇది కాదు. ఎక్కడ చూడాలో, ఏ తప్పు కోసం చూడాలో తెలిసిన మనిషి ఉంటే నాసిరకం సీల్ కూడా బాగానే కాపలా కాస్తుందట. అలాంటి మనిషి లేకపోతే ఎంత ఖరీదైనదైనా నగే.

ఓడల మీద వెళ్లే కంటైనర్ తలుపుకి వేసే బోల్ట్ సీల్ చూడండి. ఐఎస్ఓ 17712 అని దానికో అంతర్జాతీయ ప్రమాణం, ఒక్కోదానికి ఒక్కో నంబరు, కోయాలంటే పెద్ద కట్టర్ కావాలి. దొంగలకు అంత ఓపిక లేదు. తలుపు పిడికి కొట్టిన రివెట్లు ఊడదీసి, తలుపు తెరిచి, సరుకు దించుకుని, రివెట్లు మళ్లీ బిగించేసిన సందర్భాలు ఉన్నాయి. సీల్ భద్రం, నంబరు కరెక్టు. లోపల గాలి మాత్రమే ఉంది.

నిజంగా చూసేవాళ్లూ లేకపోలేదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ దశాబ్దాలుగా వాడుతూ వచ్చిన లోహపు సీల్ ఒకటుంది, పెద్ద నాణెమంత ఉంటుంది. దాని లోపలి గీతలు దేనికదే వేరు. బిగించే ముందు ఫొటో తీసి పెట్టుకునేవారు, తీశాక సంస్థ కేంద్రం ఉన్న వియన్నాకి తీసుకెళ్లి పోల్చి చూసేవారు. ల్యాప్‌టాప్ స్క్రూల మీద మెరుపుల గోళ్ల రంగు పూసి ఫొటో తీసుకునే అనుమానపు ప్రయాణికులూ ఉన్నారు. ఆ మెరుపు రేణువులు మళ్లీ అదే వరసలో పడేలా పూయడం బ్రహ్మకైనా కష్టం. ఇలాంటివాళ్లను నలుగురిలో చూసి నవ్వుతాం. మన శాఖలో పని చేస్తున్నది నిజానికి వీళ్లిద్దరే.

సీల్ నూటికి నూరుపాళ్లు విజయం సాధించే చోటు ఒకటుంది. అది సొంతదారుడి దగ్గర. మీరు డబ్బులిచ్చి కొన్న యంత్రం అడుగున, స్క్రూ మీద చిన్న స్టిక్కర్: "ఇది చిరిగితే గ్యారంటీ చెల్లదు." దొంగలకు భయం లేదు, సముద్రపు దొంగలకు అసలే లేదు. మనం మాత్రం స్క్రూడ్రైవర్ చేతపట్టుకుని చెమటలు కక్కుతాం. టెన్షన్ అంటే అదీ. యంత్రం మనదే, స్క్రూ మాత్రం వాళ్లది. 2018లో అమెరికాలో వ్యాపారుల మీద కన్నేసి ఉంచే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి షరతులు పెట్టొద్దని ఆరు కంపెనీలను హెచ్చరించింది. స్టిక్కర్లకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఒకసారి నాకు రింగు ముందే తెగిపోయి ఉన్న సీసా వచ్చింది. మూత పట్టుకోగానే తిరిగింది, కటకట లేదు, బలప్రయోగం లేదు. ఈ వ్యాసం రాస్తున్న మనిషి, ఇంత చదివిన మనిషి, ఆ క్షణంలో ఏమనుకున్నాడో ఉన్నదున్నట్టు చెబుతాను: "హమ్మయ్య, సులువుగా వచ్చింది."

ఆ తర్వాత కొన్నాళ్లకి సిగ్గేసి, ఇక నుంచి ప్రతి సీల్‌నీ దగ్గరగా చూడాలని నిశ్చయించుకుని, మంచి భూతద్దం ఒకటి తెప్పించాను. వచ్చింది. ఆత్రంగా టేపు పీకి, పెట్టె చింపి, భూతద్దం తీసి, ముందుగా దేన్ని చూద్దామా అని అటూ ఇటూ చూస్తే చింపిన పెట్టే కనిపించింది. దాని అంచు మీద ఏవో అక్షరాలున్నాయి. భూతద్దం పెట్టి చదివాను.

"సీల్ చెదిరి ఉంటే తీసుకోవద్దు."